జాగ్రత్త: ‘నెలలో గూగుల్ మొదటి పేజీ’ అంటే అడ్వాన్స్ ఇవ్వకండి

తిరుపతి, చిత్తూరు చుట్టుపక్కల లాడ్జీలు, ట్రావెల్స్, కలంకారీ షాపులు నడిపేవాళ్లకి ఈ మాట. ‘నెల రోజుల్లో మొదటి పేజీ, గ్యారంటీ’ అంటూ వచ్చేవాళ్లకి పైసా ఇవ్వకండి. మొదటి స్థానానికి ఎవరూ గ్యారంటీ ఇవ్వలేరని గూగులే రాసిపెట్టింది. సరిగ్గా చేసిన ఎస్‌ఈఓ (వెతికినప్పుడు సైటును పైకి తెచ్చే) పనికి కూడా ఫలితం కనబడాలంటే మామూలుగా నాలుగు నెలల నుంచి ఏడాది పడుతుందని అదే చెబుతోంది.

నెల తిరిగేసరికి వాళ్లు పంపే స్క్రీన్‌షాట్‌లో మీరే ముందుంటారు. అందులో ఏం వెతికారో చూడండి. మీ లాడ్జి పేరే కొట్టి ఉంటారు, కాదంటే ఎవరూ వెతకని పొడుగాటి మాట. సైటు ఓనర్ల కోసం గూగుల్ ఇచ్చే సెర్చ్ కన్సోల్‌లో పెర్ఫార్మెన్స్ రిపోర్ట్ తెరిచి, మీ పేరు లేని మాటలకి ఎన్ని క్లిక్కులు వచ్చాయో చూస్తే అసలు లెక్క తేలిపోతుంది.

పెద్ద నష్టం పేజీల దగ్గర జరుగుతుంది. తిరుపతి-కాణిపాకం ట్యాక్సీ, తిరుపతి-శ్రీకాళహస్తి ట్యాక్సీ, తిరుపతి-తలకోన ట్యాక్సీ అంటూ ఊరి పేరు మాత్రం మార్చి, అదే మేటర్‌తో వందల పేజీలు దించేస్తారు. గూగుల్ భాషలో ఇవి డోర్‌వే పేజీలు. ర్యాంకు కోసమే గుట్టలుగా పేజీలు పుట్టించడం, మనిషి రాసినా ఏఐ రాసినా, 2024 మార్చి స్పామ్ నియమాల ప్రకారం తప్పే. దెబ్బ ఆ పేజీలతో ఆగకపోవచ్చు, సైటు మొత్తం కనబడకుండా పోవచ్చు. కాణిపాకానికి ఒక్క పేజీ చాలు. దూరం సుమారు 70 కిలోమీటర్లు. చిన్న కారుకి ఎంత, ఏడు సీట్ల బండికి ఎంత, వెయిటింగ్ ఎన్ని గంటల తర్వాత లెక్క, టోలు, పార్కింగ్ ఎవరు కట్టాలి, తిరుగు దారిలో తిరుచానూరు కలుస్తుందా? యాత్రికులు ఫోన్ చేసి అడిగేవన్నీ అక్కడ రాయండి, రేటు మారిన రోజే పేజీలోనూ మార్చండి. ఏళ్ల తరబడి నిలబడేది ఇలాంటి పేజీ.

‘ఐదొందల బ్యాక్‌లింకులు’ ప్యాకేజీ (వేరే సైట్ల నుంచి మీ సైటుకి లింకులు కొనిపెట్టడం) కూడా వద్దు. కొన్న లింకుల మీద గూగుల్ 2012 ఏప్రిల్‌లోనే పెంగ్విన్ అనే అప్‌డేట్ తెచ్చింది. 2016 నుంచి అది ర్యాంకులు తేల్చే ప్రధాన అల్గారిథంలోనే కలిసిపోయి, అలాంటి లింకులను చాలావరకు లెక్కలోకే తీసుకోవడం లేదు. డబ్బు పోవడమే మిగులుతుంది. మ్యాప్స్‌లో మీ పేరు పక్కన ‘చీప్ రూమ్స్, స్టేషన్ దగ్గర’ అని బోర్డు మీద లేని మాటలు చేర్చినా ఒప్పుకోకండి, ప్రొఫైల్ సస్పెండ్ కావచ్చు.

పని ఎవరికిచ్చినా డొమైన్ (సైటు చిరునామా) మీ ఈమెయిల్‌తోనే రిజిస్టర్ కావాలి. సెర్చ్ కన్సోల్‌లో డీఎన్ఎస్ టీఎక్స్‌టీ రికార్డుతో (డొమైన్ సెట్టింగుల్లో పెట్టే గుర్తింపు కోడ్) మీరే ఓనర్ కండి, వాళ్లని యూజర్‌గా మాత్రమే చేర్చండి. ఇప్పటికే వాళ్లు ఓనర్‌గా ఉంటే పేరు తీసేస్తే సరిపోదు. ఓనర్ అనే రుజువుగా సైటులో వాళ్లు పెట్టిన వెరిఫికేషన్ ఫైలు, మెటా ట్యాగు, డీఎన్ఎస్ రికార్డు కూడా తొలగించాలి, లేకపోతే మళ్లీ ఓనర్‌గా లోపలికొస్తారు.

ఇప్పటికే ఇరుక్కున్నవాళ్లు ఇవాళే సెర్చ్ కన్సోల్‌లో మాన్యువల్ యాక్షన్స్ (గూగుల్ మనుషులే సైటు చూసి తీసుకున్న చర్యలు) చూడండి. నోటీసు ఉంటే ఆ నకలు పేజీలు తీసేయండి, కొన్న లింకులు తీయించండి, తీయనివాటిని డిసవో ఫైల్లో (లెక్కలోకి తీసుకోవద్దని గూగుల్‌కి ఇచ్చే లింకుల జాబితా) చేర్చండి. ఏమేం తొలగించారో వివరంగా రాసి, ఆ తర్వాతే రీకన్సిడరేషన్ రిక్వెస్ట్ (మళ్లీ పరిశీలించమనే విన్నపం) పెట్టండి. సగం పనిచేసి పంపితే తిప్పికొడతారు.