మిగిలిన మందులు: దానమా, డ్రాప్ బాక్సా?

అమెరికాలో ఇంట్లో మిగిలిపోయిన ప్రిస్క్రిప్షన్ మందులకు రెండు దారులున్నాయి: దానం చేయడం, లేదా అక్కర్లేని మందులు పారేసే డ్రాప్ బాక్సులో (టేక్‌బ్యాక్ బాక్సులో) వేయడం.

దానం రాష్ట్రాల చట్టాల కిందకు వస్తుంది. అయోవా రాష్ట్రంలో ఇది 2007 నుంచి నడుస్తోంది. గడువు దాటకూడదు, సీల్ చెక్కుచెదరకూడదు. స్ట్రిప్‌లో రెండు మాత్రలు వాడేసినా, మిగతావి రేకు కింద భద్రంగా ఉంటే చాలాచోట్ల తీసుకుంటారు. ఫార్మసీ మాత్రలు పోసిచ్చే నారింజ రంగు సీసా మూత తీసి ఉంటే అది మాత్రం చెల్లదు. ఫార్మసిస్టు పరీక్షించాకే మందు కొనలేని రోగికి చేరుతుంది.

టేక్‌బ్యాక్ బాక్సుకు 2010 నాటి ఫెడరల్ చట్టం ఆధారం. తెరిచిన సీసా అయినా వేయొచ్చు, కానీ అంతా కాల్చేస్తారు. ఆక్సికోడోన్ లాంటి, అలవాటుగా మారే నొప్పి మాత్రలకు ఇదే సరైన చోటు, వాటిని దానం చేయనివ్వరు.

సీల్ తీయని క్యాన్సర్ మందును బాక్సులో పడేయడానికి నాకు మనసొప్పదు. ముందు దానానికే ప్రయత్నించండి. కొన్ని రాష్ట్రాల్లో దానాన్ని ఇళ్ల నుంచి కాక, ఫార్మసీల నుంచి, వృద్ధుల సంరక్షణ కేంద్రాల నుంచి మాత్రమే తీసుకుంటారు కాబట్టి ఒకసారి ఫోన్ చేసి కనుక్కోండి.