థామస్ కోల్ నయాగరా ప్రింటు: రెండోసారికి కుదిరింది

పోయినేడు షికాగోలో మా అబ్బాయి దగ్గరున్నప్పుడు ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్ అనే మ్యూజియంలో ఈ బొమ్మ చూశాను. థామస్ కోల్ అనే అమెరికా చిత్రకారుడు 1830లో వేసింది. పేరుకి నయాగరాయే గానీ జలపాతం ఎక్కడో దూరంగా తెల్లగా కనిపిస్తుంది. ముందంతా ఎర్రబడిన చెట్లు, పైన నల్లమబ్బులు. మధ్యలో ఒక బండ అంచున ఇద్దరు అమెరికా మూలవాసులు, బొటనవేలి గోరంత ఉంటారేమో.

అంతకు వారం ముందే నీలం రెయిన్‌కోటు వేసుకుని, పడవెక్కి అసలు నయాగరా చూసొచ్చాను. ఆ హోరులో పక్కవాళ్ల మాటే వినపడలేదు, ఇక ఆలోచన ఎక్కడిది? ఈ బొమ్మ ముందు మాత్రం కదలబుద్ధి కాలేదు. అంత దూరం నుంచి చూస్తే నీటి చప్పుడు చేరదు కదా, అందుకేనేమో. కోల్ అక్కడికి వెళ్లింది 1829లో. అప్పటికే హోటళ్లూ ఫ్యాక్టరీలూ వచ్చేశాయి. లండన్‌లో కూర్చుని బొమ్మ పూర్తి చేస్తూ అవన్నీ వదిలేశాడు, ఆ ఇద్దర్నే ఉంచాడు. నాకు ఆ పని చాలా నచ్చింది.

ఇంటికొచ్చాక ఒక ఆన్‌లైన్ షాపులో క్యాన్వాస్ ప్రింటు ఆర్డరిచ్చాను. వచ్చింది చూస్తే ఏడుపొచ్చింది. రంగులు మరీ ముదిరిపోయి, బండ నల్లటి ముద్దైంది. మనుషులిద్దరూ అందులో కలిసిపోయారు. వాళ్లు లేకపోతే అది ఉత్త క్యాలెండర్ బొమ్మ.

తర్వాత మ్యూజియం వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరికే పెద్ద ఫైలు పెన్‌డ్రైవ్‌లో వేసుకుని, గుంటూరు బ్రాడీపేటలో మేం పెళ్లి ఫోటోలు కట్టించుకునే షాపుకి వెళ్లాను. అక్కడి కుర్రాడు ఓపిగ్గా విన్నాడు. ముందు అరచేతంత ముక్క వేసి చూపించాడు. "ఇంకాస్త లైట్ పెంచమంటారా అమ్మా?" అని అడిగి మళ్లీ వేశాడు. మూడో ముక్కలో ఇద్దరూ బయటపడ్డారు. అప్పుడు మొత్తం 24 బై 19 అంగుళాల్లో వేయించాను, అసలు బొమ్మ సైజు కూడా దాదాపు అంతే. ట్యూబ్‌లైటు మెరుస్తుందని అద్దం వద్దన్నాడు, మంచి మాట. ఫ్రేముతో కలిపి 1,900 అయింది, నాలుగు రోజుల్లో ఇచ్చాడు.

మీరెక్కడ వేయించినా సరే, ఆ బండ దగ్గరి ముక్కే శాంపులుగా అడగండి.