వైరెంగ్తె గేటు చూపించి పద్నాలుగు వేలు

అస్సాంలోని సిల్చార్‌లో ఒక ట్రావెల్స్ ఏజెంటు "ఆర్మీ హిస్టరీ టూర్" పేరుతో ప్యాకేజీ అమ్ముతున్నాడు. నలుగురికి కారు, మిజోరంలోని కోలాసిబ్‌లో ఒక రాత్రి బస, రెండో రోజు ఐజాల్‌లో దింపడం. మొత్తం 14,000. కాగితం మీద మొట్టమొదటి అంశం మిజోరం సరిహద్దులో వైరెంగ్తెలోని కౌంటర్ ఇన్సర్జెన్సీ అండ్ జంగిల్ వార్‌ఫేర్ స్కూల్ (తిరుగుబాటుదారులతో అడవిలో పోరాడటం సైనికులకి నేర్పే బడి) "సందర్శన". ఆ మాటే మమ్మల్ని పడగొట్టింది. జరిగిందేమిటంటే, సెంట్రీ పోస్టు దగ్గర బండి నెమ్మదించింది, డ్రైవరు "అదిగో సార్" అన్నాడు, వెనక సీట్లోంచి ఒక ఫోన్ పైకి లేచింది, సెంట్రీ వద్దని చెయ్యి ఊపాడు, బండి ముందుకు పోయింది. గర్భగుడి దర్శనమని టిక్కెట్టు తెంపి, ధ్వజస్తంభం చూపించి బయటికి పంపినట్టు.

తప్పు సెంట్రీది కాదు. అది రోజూ శిక్షణ జరిగే సైనిక సంస్థ. అధికారిక అనుమతి పత్రం లేకుండా ఎవర్నీ లోపలికి రానివ్వరు, ఫొటోలు అసలే తీయనివ్వరు. మాలో ఒకరైన రిటైర్డ్ సుబేదారు గారు ఈ సంగతి సిల్చార్‌లోనే చెప్పారు. "పర్మిషన్ ఉందండీ, మనవాళ్లే లోపల ఉన్నారు" అన్నాడు ఏజెంటు. అలా అన్నప్పుడు ఆ పర్మిషన్ కాగితం ఏదీ అని అడగాలి. మేం అడగలేదు. సుబేదారు గారు కోలాసిబ్ దాకా ఎవరితోనూ మాట్లాడలేదు.

లెక్క చెప్తాను. సిల్చార్ నుంచి ఐజాల్‌కి షేర్ సుమోలో సీటు 850, నలుగురికి 3,400. ఐజాల్‌లో మేం దిగిన లాడ్జిలో రోజుకి రెండు గదులు 3,600. కలిపితే 7,000. అంటే ప్యాకేజీలో సరిగ్గా సగం, పైగా కోలాసిబ్ రాత్రి తప్పుతుంది. ఆ బస గురించి చెప్పి తీరాలి. దుప్పట్లు తడిగా ఉన్నాయి. వేడినీళ్లు బకెట్‌కి 50 విడిగా కట్టాలి, అదీ ఉదయం ఏడు దాటితే లేదు. పక్కగదికీ మాకూ మధ్య గోడ ప్లైవుడ్‌ది. రాత్రి ఎనిమిదికి భోజనం అడిగితే వంటిల్లు కట్టేశామన్నారు. ఈ చివరిదాంట్లో వాళ్ల తప్పు లేదు. మిజోరంలో రాత్రి భోజనం సాయంత్రం ఐదారు గంటలకే అయిపోతుంది. ఆ ముక్క ముందే చెప్పాల్సింది ప్యాకేజీ అమ్మినవాడు. బిస్కెట్లతో పడుకున్నాం.

సిల్చార్‌కి ముందు రెండు రోజుల్లో చెప్పుకోదగ్గ ఇబ్బంది ఏమీ లేదు. గువాహటి నుంచి షిల్లాంగ్, అక్కడ సైన్యం నడిపే రైనో మ్యూజియం. చిన్నది, గంట చాలు. దీనికోసమే షిల్లాంగ్ వెళ్లక్కర్లేదు, దారిలో ఉంది కాబట్టి చూడొచ్చు. షిల్లాంగ్ దాటి జొవాయ్ మీదుగా సిల్చార్ దిగుతుంటే జైంతియా కొండల్లో మింక్రే వస్తుంది. జంగిల్ వార్‌ఫేర్ స్కూల్ 1967లో మొదలైంది అక్కడే, 1970లో వైరెంగ్తెకి మారింది. "గెరిల్లాతో గెరిల్లాలాగే పోరాడు" అన్న దాని నినాదం పదాతిదళంలో చేరిన ప్రతివాడికీ తెలుసు. వానాకాలంలో మాత్రం ఈ దారి పెట్టుకోవద్దు. సోనాపూర్ సొరంగం దగ్గర కొండచరియలు జారితే బండ్లు గంటల తరబడి, ఒక్కోసారి రోజుల తరబడి నిలిచిపోతాయి.

ఇంతకీ 1966 మిజో తిరుగుబాటుతో ఈ కొండల్లో పోరాడిన బెటాలియన్ల చరిత్ర చూడాలంటే చూడాల్సింది గేటు కాదు, ఆ గేటు ముందునుంచి పోయే రోడ్డు. వైరెంగ్తె నుంచి ఐజాల్ దాకా కారు ముందు సీట్లో కూర్చుని ప్రతి మలుపూ గమనించండి. ఒక పక్క నిలువుగా కోసిన మట్టిగట్టు, మరో పక్క లోయ, గట్టు మీద చేతులు దూరనంత వెదురు. మలుపు దగ్గర బండి రెండో గేరుకి దిగుతుంది. మాటు వేసేవాడికి కావాల్సింది ఆ క్షణమే. కాన్వాయ్‌లో మొదటి బండినీ చివరిదాన్నీ కొడితే మధ్యవి ముందుకీ పోలేవు, వెనక్కీ రాలేవు. చిక్కుకున్నవాళ్లు అక్కడే పడుకుని కాల్పులు జరిపితే ఇంకా నష్టం. వలయంలో ఉన్నవాళ్లు కాల్పులు వస్తున్న వైపే దూసుకెళ్లాలి, బయట ఉన్నవాళ్లు పైనుంచి చుట్టుముట్టాలి. చెప్పడం తేలికే. ఆ గట్టు చూశాక "పైనుంచి" అంటే ఏమిటో తెలుస్తుంది. దాన్ని ఎక్కడానికి వెదురు నరుక్కుంటూ అరగంట పడుతుంది.

అందుకే రోడ్ ఓపెనింగ్ పార్టీ, అంటే కాన్వాయ్‌కి ముందే రోడ్డు వెతికి భద్రం చేసే పని పుట్టింది. తెల్లవారుజామున సెక్షన్లు (పదేసి మంది జట్లు) జంటలుగా బయల్దేరతాయి. ఒకటి ముందుకు నడుస్తుంటే రెండోది కాపు కాస్తుంది. ప్రతి కల్వర్టు కిందా వంగి చూడాలి, మందుపాతర పెట్టేది అక్కడే. ఎత్తయిన చోట్లలో పికెట్లు, అంటే చిన్న కాపలా జట్లు దించి, కాన్వాయ్ దాటేవరకూ ఉంచి, సాయంత్రం మళ్లీ ఏరుకోవాలి. రోజూ అదే వేళకి, అదే చోట పికెట్ పెడితే అవతలివాడికి మనమే టైంటేబుల్ రాసిచ్చినట్టు. అలసట వల్ల జరిగే తప్పు అదే.

ఇక మనుషుల లెక్క. ఒక పదాతి బెటాలియన్‌లో దాదాపు 800 మంది. నాలుగు రైఫిల్ కంపెనీలు, కంపెనీకి మూడు ప్లటూన్లు, ప్లటూన్‌కి పదేసి మందితో మూడు సెక్షన్లు. సెలవులు, కోర్సులు, జబ్బులు, వంటవాళ్లు, డ్రైవర్లు, సిగ్నలర్లు, పోస్టు కాపలా తీసేయండి. గస్తీకి తిరిగే తుపాకులు సగానికి కాస్త అటూ ఇటూ మిగులుతాయి. అందులోంచి రోడ్డు తెరవడానికి పోగా అడవిలోకి వెళ్లేది ఎందరు? రోడ్డు కాపాడుకోవడానికే సైన్యం ఖర్చయిపోతోందనే గొడవ ఈ కొండల్లో పనిచేసిన ప్రతి కమాండింగ్ ఆఫీసర్‌దీ.

1966లో అవతలి పక్షానికీ బెటాలియన్లు ఉన్నాయి, ఈ సంగతి చాలామందికి తెలియదు. లాల్‌డెంగా నాయకత్వంలో మిజోలకి స్వాతంత్ర్యం కోరుతూ తిరగబడిన మిజో నేషనల్ ఫ్రంట్ తన సేనని మన సైన్యం పద్ధతిలోనే కట్టింది. ఉత్తరాన లయన్ బ్రిగేడ్, దక్షిణాన డాగర్ బ్రిగేడ్, ఒక్కోదాంట్లో నాలుగు బెటాలియన్లు, చాలావాటికి మిజో వీరుల పేర్లు. లాల్‌డెంగా స్వయంగా మాజీ హవల్దారు. వాళ్లలో ఎందరో మన సైన్యంలో డ్రిల్లు నేర్చుకున్నవాళ్లు. మనవాళ్లు మాటు నుంచి ఎలా తప్పించుకుంటారో వాళ్లకి బోధించి చెప్పక్కర్లేదు. పైగా సరిహద్దు దాటితే తూర్పు పాకిస్తాన్‌లో ఆశ్రయం, 1971 దాకా.

రోడ్డు వెంట ఊళ్లు కూడా గమనించండి. మిజో పల్లెలు పాతకాలంలో కొండశిఖరాల మీద, పోడు భూములకి దగ్గరగా, చెదురుగా ఉండేవి. హైవే వెంట ఇంతింత ఊళ్లు ఒకేచోట గుమిగూడి కనిపించడానికి ఒక కారణం 1967 జనవరిలో సైన్యం మొదలుపెట్టిన గ్రామాల తరలింపు. వైరెంగ్తె, ఐజాల్, లుంగ్లై రోడ్డుకి ఇరువైపులా ఉన్న 106 గ్రామాలని 18 కేంద్రాల్లోకి చేర్చారు, దాదాపు 52,000 మందిని. తట్టాబుట్టా మోసుకుని కొత్త చోటికి నడిపించి, పాత ఊళ్లకి నిప్పుపెట్టారు. ప్రతి కేంద్రానికీ కంచె, పక్కనే సైనిక పోస్టు, గుర్తింపు కార్డులు, రాత్రి కర్ఫ్యూ. పగలు పాసు తీసుకుని పొలానికి వెళ్లి చీకటి పడేలోపు తిరిగి రావాలి. పోడు దూరమైపోయాక పంట ఏం పండుతుంది? రేషన్ బియ్యం కోసం క్యూలు. తర్వాతి విడతలు గువాహటి హైకోర్టు దాకా వెళ్లి 1970లో స్టే పడ్డాక ఆగాయి. గెరిల్లాకి తిండి, కబురు అందకుండా చేయడంలో ఈ పద్ధతి పనిచేసిందనే సైనికులు అంటారు. పనిచేసి ఉండొచ్చు. కానీ కాపలా కాసిన పోస్టుని ఆ ఊరివాళ్లు ఏ కళ్లతో చూసుంటారో ఆలోచించకుండా దాన్ని విజయం అనడం నాకు నచ్చదు.

రెండో రోజు ఉదయం కోలాసిబ్ నుంచి బయల్దేరే ముందు బస్టాండు దగ్గర ఒక చిన్న కొట్లో తిన్న సాన్‌పియావ్ ఈ యాత్ర మొత్తానికి ఊరట. బియ్యం గంజి, చిక్కగా, పైన కొత్తిమీర, ఉల్లికాడలు, దంచిన మిరియాలు. గిన్నె 60. సుబేదారు గారు మూడు గిన్నెలు తాగాక మళ్లీ మాటల్లో పడ్డారు. మధ్యాహ్నం దారిలో అన్నం, పప్పు, బాయ్ అనే ఆకుకూరల పులుసు, పొగబెట్టిన పంది మాంసం, చట్నీ కలిపి 160, అన్నం ఎంత కావాలంటే అంత. శాకాహారులు ఒకటి గుర్తుంచుకోవాలి: బాయ్‌లో కూరగాయలే కనిపిస్తాయి గానీ, చాలాచోట్ల సా-ఉమ్ అనే పులియబెట్టిన పందికొవ్వు వేస్తారు. అడక్కుండా తినొద్దు.

కోలాసిబ్ దాటాక కౌన్‌పుయి నుంచి సైరాంగ్ దారి పట్టకండి. 2025 వానల్లో ఆ ముక్క ఎంత పాడైందంటే ట్యాంకర్ల డ్రైవర్లు బండ్లు నిలిపేశారు. లుంగ్‌డాయ్, దుర్త్‌లాంగ్ మీదుగా వెళ్లమని ముందే డ్రైవర్‌కి చెప్పండి. దుర్త్‌లాంగ్ గట్టు మీద ఐదు నిమిషాలు ఆగితే ఐజాల్ మొత్తం ఎదురుగా ఉంటుంది. ఈ ఊరిని ఎందుకు ముట్టడించగలిగారో, ఎందుకు విడిపించడం కష్టమైందో మ్యాపు అక్కర్లేకుండా అర్థమవుతుంది.

1966 ఫిబ్రవరి 28 రాత్రి తిరుగుబాటు మొదలైనప్పుడు ఐజాల్‌లో ఉన్నది 1 అస్సాం రైఫిల్స్ బెటాలియన్. ఖజానా, టెలిఫోన్ ఎక్స్ఛేంజి పోయాయి, చంఫాయ్‌లో పోస్టు చేజారింది, ఐజాల్ క్యాంపు మాత్రం నిలిచింది. హెలికాప్టర్లలో మనుషుల్ని దించబోతే కింద నుంచి కాల్పులు, దించలేకపోయారు. మార్చి 5న వాయుసేన విమానాలు పట్టణం మీద దాడి చేశాయి. బ్రిగేడియర్ కబ్రాజీ ఆధ్వర్యంలోని 61 మౌంటెన్ బ్రిగేడ్ ఈ వైరెంగ్తె రోడ్డు మీదే అడ్డంగా పడేసిన చెట్లు తొలగించుకుంటూ వచ్చింది. అందులో ముందు ఐజాల్ చేరింది 8 సిఖ్ బెటాలియన్. ఇప్పుడు సుమో ఒక్క పగట్లో పోయే దూరమే అది.

చూడాల్సినవి రెండే చెప్తాను. ఒకటి ఊరి నడిబొడ్డున ఉన్న లమ్మువాల్, అస్సాం రైఫిల్స్ మైదానం. ముట్టడిలో ఉన్నవాళ్లకి చుట్టూ ఎన్ని శిఖరాలు పైనుంచి కనబడుతున్నాయో మధ్యలో నిలబడి తల తిప్పి లెక్కపెట్టండి. రెండోది రిపబ్లిక్ వెంగ్, దావర్‌పుయి, చింగా వెంగ్ వీధుల్లో నడక. బాంబుదాడిలో కాలిన పేటలు ఇవి. ఫలకాల కోసం వెతక్కండి, ఊరు మళ్లీ కట్టుకున్నారు. మార్చి 5ని ఇక్కడ జొరామ్ ని పేరుతో స్మరించుకుంటారు. ఆ రోజుల్లో వెళ్తే సైనిక టోపీలు, బెటాలియన్ టీషర్టులు బ్యాగులో ఉంచుకోండి. పెద్దవాళ్లతో మాట కలిసినా "మీరు అటువైపా ఇటువైపా" అనే ప్రశ్న వద్దు. 1986 జూన్ 30 ఒప్పందంతో అటువైపు వాళ్లే ముఖ్యమంత్రులూ మంత్రులూ అయ్యారు. అడిగినవాడే అమాయకుడిలా మిగిలిపోతాడు.

ఐజాల్ బస గురించి ఫిర్యాదు లేదు. వీధి నుంచి లోపలికి అడుగుపెడితే అది నాలుగో అంతస్తు, గదులు కిందికి దిగాలి, లిఫ్టు లేదు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు పైగది అడగండి. శుభ్రం, వేడినీళ్లు, నిశ్శబ్దం. ట్రాఫిక్‌లో కూడా హారన్ మోగని ఊరు ఇది. ఆదివారం మాత్రం అడుగు బయటపెట్టే పని పెట్టుకోకండి, హోటళ్లు, కొట్లు, స్టేట్ మ్యూజియం అన్నీ మూత. శనివారం మధ్యాహ్నమే రొట్టె, పళ్లు కొని ఉంచుకోవాలి.

బయటివాళ్లు మిజోరంలోకి రావడానికి కావాల్సిన ఇన్నర్ లైన్ పర్మిట్ ఆన్‌లైన్‌లో తీసుకుని రెండు కాపీలు ప్రింటు చేసుకోండి, వైరెంగ్తె చెక్‌పోస్టులో చూస్తారు. మాజీ సైనికుల కార్డు ఉంటే చాలని ఏజెంటు అన్నాడు. ఆ మాట మీద బయల్దేరలేదు, అదొక్కటే తెలివిగా చేశాం. తిరుగు ప్రయాణానికి 2025 సెప్టెంబరులో తెరిచిన సైరాంగ్ స్టేషన్ ఉండగా మళ్లీ ఆ రోడ్డు ఎక్కక్కర్లేదు. గువాహటికీ కోల్‌కతాకీ రైళ్లున్నాయి. ఐజాల్ నుంచి స్టేషన్‌కి ట్యాక్సీ 700 తీసుకున్నాడు, గంట పట్టింది.

సైరాంగ్ ప్లాట్‌ఫాం మీద నుంచి సిల్చార్ ఏజెంటుకి ఫోన్ చేసి సగం డబ్బు వాపసు అడిగాం. "గేటు చూశారుగా సార్, టూర్ అయిపోయినట్టే" అన్నాడు. సుబేదారు గారు ఫోన్ అందుకుని హిందీలో ఏదో అన్నారు. రైలు బదర్‌పూర్ చేరేలోపు 3,000 వచ్చింది.