ఇంటికి స్ట్రక్చరల్ ఆడిట్: ఉండాలా, మారాలా తేల్చడానికి ఎంతవరకు పనికొస్తుంది?

పాత ఇంటి మీద ఇంకా డబ్బు పెట్టాలా, అమ్మేసి మారిపోవాలా అని తేల్చుకునే ముందు ఒక సంగతి తెలియాలి. లోపం పైపూతలో ఉందా, కాంక్రీటులోనే ఉందా? స్ట్రక్చరల్ ఆడిట్, అంటే పిల్లర్లు, బీమ్‌లు, శ్లాబు ఎంత గట్టిగా ఉన్నాయో ఇంజినీరుతో పరీక్ష చేయించడం, పనికొచ్చేది సరిగ్గా ఇక్కడే. వంటగది ఇరుకైందనో, గదులు చాలడం లేదనో దీన్ని చేయించనక్కర్లేదు. శ్లాబు పెచ్చులూడుతున్నా, పిల్లర్ల వెంట నిలువు పగుళ్లు కనిపిస్తున్నా, పైన ఇంకో అంతస్తు వేద్దామనుకున్నా మాత్రం ఇది అయ్యాకే టైల్స్, రంగుల జోలికి వెళ్లాలి.

ఈ పేరుతో రెండు రకాల సేవలు దొరుకుతాయి. ఒకదాంట్లో ఇంజినీరు వచ్చి కళ్లతో చూసి, ఫొటోలు తీసి రిపోర్టు రాసిస్తాడు. రెండోదాంట్లో పరికరాలతో పరీక్షిస్తారు. మొదటిదాన్ని తీసిపారేయొద్దు. అనుభవమున్నవాళ్లు పగులు పోకడ చూసే సగం విషయం చెప్పేస్తారు. బీమ్‌కీ ఇటుక గోడకీ మధ్య గీత గీసినట్టుండే పగులు చాలావరకు ఆ రెండూ ఎండకు వేర్వేరుగా సాగడం వల్ల వచ్చేదే. జాలీ (మెష్) కొట్టి ప్లాస్టరింగ్ చేస్తే సరిపోతుంది. కిటికీ మూల నుంచి మెట్లుమెట్లుగా ఏటవాలుగా దిగే పగులైతే పునాది ఒకవైపు కుంగిందేమో చూడాలి. బీమ్ అడుగున లోపలి ఇనుప ఊచ వెంటే సాగే పగులు తుప్పుకు గుర్తు. తుప్పు అసలు ఇనుముకంటే రెండు నుంచి ఆరింతల చోటు ఆక్రమిస్తుంది కాబట్టి ఊచ మీదున్న కాంక్రీటు పొరను, అంటే కవర్‌ను, నెట్టుకుని బయటికొస్తుంది.

పగులు ఆగిందా, ఇంకా సాగుతోందా అన్నది ఒక్కసారి వచ్చి చూస్తే తేలదు. దానికి అడ్డంగా, పగులు సాగితే విరిగేలా గాజు పలక అతికించి, తేదీ రాసి, కొన్ని నెలల తర్వాత మళ్లీ వచ్చి చూసేవాళ్లకే పని అప్పజెప్పండి.

ఇక పరికరాలు. కాంక్రీటు మీద కొట్టి, ఎంత వెనక్కి ఎగిరిందో అంకెలో చూపే రీబౌండ్ హ్యామర్ ఒక్కదాంతో సరిపెట్టే ఆడిట్‌కు డబ్బు కట్టకండి. అది చూసేది పైపొర గట్టిదనాన్నే. పాత కాంక్రీటు గాలిలోని కార్బన్ డయాక్సైడ్ వల్ల పైన గట్టిపడుతుంది కాబట్టి లోపల బలం లేకపోయినా అంకె బాగానే వస్తుంది. ప్లాస్టరింగ్ మీదే కొట్టి రాసుకునే అంకెకైతే అర్థమే లేదు. ప్లాస్టరింగ్ చెక్కి, నునుపుగా రుద్ది, ఒక్కోచోట కనీసం 9 రీడింగులు తీసి సగటు కట్టాలి. అలా చేసినా బలం అంచనాలో 25 శాతం అటూ ఇటూ కావచ్చు. రెండు ప్రోబుల మధ్య కాంక్రీటులోంచి ధ్వని తరంగం పంపి చూసే అల్ట్రాసోనిక్ పరీక్ష దీనికంటే నయం. తరంగం వేగం సెకనుకు 3.5 కిలోమీటర్లు దాటితే కాంక్రీటు బాగున్నట్టు, 3కి తగ్గితే అనుమానించాల్సినట్టు. అయితే పిల్లర్‌కు ఎదురెదురు ముఖాల మీద ప్రోబులు పెట్టారా లేదా గమనించండి. ఒకే ముఖం మీద రెండూ పెడితే అంకె తగ్గి వస్తుంది.

తక్కువ ఖర్చుతో సూటిగా జవాబిచ్చేది ఫినాఫ్తలీన్ పరీక్ష. అప్పుడే చెక్కిన కాంక్రీటు మీద దుమ్ము దులిపి ఈ ద్రావణం చల్లితే, ఊచను తుప్పు నుంచి కాపాడే క్షారగుణం మిగిలిన భాగం ముదురు గులాబీ రంగుకు తిరుగుతుంది. అది పోయిన పైపొర రంగు మారదు. ఆ పొర మందాన్ని స్కేలుతో కొలిచి, ఊచ మీదున్న కవర్‌తో పోల్చాలి. కవర్ 25 మిల్లీమీటర్లుండి, రంగు మారని పొర 8 మిల్లీమీటర్లే ఉంటే ఆ ఇంటి మీద నిశ్చింతగా ఖర్చు పెట్టొచ్చు. ఆ పొర ఊచ దాటి లోపలికి పోయిందంటే పైపైన సిమెంటు పూసిన అతుకు నిలవదు. ఉప్పునీటితో కట్టిన ఇంట్లో మాత్రం గులాబీ రంగు చూసి ధీమా పడొద్దు. ఉప్పులోని క్లోరైడ్లు చేరితే క్షారగుణం ఉన్నా ఊచ తుప్పు పడుతుంది, అక్కడ కాంక్రీటు పొడి తీసి ల్యాబ్‌లో చూపించాలి.

ఈ సేవల్లో అసలు లోటు రిపోర్టులో కనిపిస్తుంది. పేజీల కొద్దీ అంకెలిచ్చి చివర "తగు మరమ్మతులు చేయించవలెను" అని ముగిస్తారు. దాంతో ఏ నిర్ణయమూ తీసుకోలేం. ప్రతి పిల్లర్‌కూ, బీమ్‌కూ నంబరు వేసిన ప్లాను, వాటిలో దేనికి ప్యాచ్ (చెడిన చోటే చెక్కి నింపడం) చాలు, దేనికి జాకెటింగ్ (చుట్టూ కొత్త ఊచలు కట్టి కాంక్రీటు పోయడం) కావాలి అన్న పట్టిక ఇస్తామని ముందే రాయించుకోండి. వాటర్‌ప్రూఫింగ్, మరమ్మతు కాంట్రాక్టులు కూడా చేసే సంస్థతో ఆడిట్ చేయించొద్దు.

నిర్ణయం ఆ పట్టికలోనే ఉంటుంది. ప్యాచ్ పనులే ఎక్కువైతే ఉండిపోవచ్చు. శ్లాబుకు జాకీలు పెట్టి, చెడిన కాంక్రీటును ఊచ వెనక 20 మిల్లీమీటర్ల దాకా చెక్కి, తుప్పు పూర్తిగా రుద్ది, బాగా సన్నబడిన ఊచ పక్కన కొత్తది జతచేసి, పాలిమర్ కలిపిన సిమెంటు మోర్టార్‌తో నింపుతారు. ఊచ ముందువైపు మాత్రమే చెక్కి పూసేస్తే వెనకనున్న తుప్పు మళ్లీ పెచ్చు లేపుతుంది. అదే సగం పిల్లర్లకు జాకెటింగ్ కావాలంటే పునాది దాకా తవ్వాలి, ఒక్కోవైపు 100 మిల్లీమీటర్ల చొప్పున పిల్లర్ లావెక్కుతుంది, ఇల్లు ఎలాగూ ఖాళీ చేయాలి. అంత దూరం వచ్చాక మారిపోవడమే మేలని మా అభిప్రాయం. రోడ్డు ఎత్తు పెరిగి ఇల్లు పల్లంలో పడిపోయినా అంతే, ఆ సంగతి ఈ రిపోర్టులో రాదు కూడా.

వైరింగ్‌కు వేరే మనిషి కావాలి. వైరు తొడుగు కరెంటును బయటికి పోనీయకుండా ఆపుతోందా అని చూసే 500 వోల్టుల ఇన్సులేషన్ పరీక్షలో 1 మెగాఓమ్ కంటే తక్కువ వచ్చిన సర్క్యూట్‌లో లోపం దొరికేదాకా కరెంటు ఇవ్వకూడదు.

మారాలని తేలితే, కొనబోయే ఇల్లు కూడా పాతదైతే దానికీ ఇదే ఆడిట్ చేయించండి. కొత్తగా రంగేసిన సీలింగ్‌ను చిన్న సుత్తితో అడుగడుక్కీ తట్టించి, బోలుగా మోగిన ప్రతి చోటా సుద్దతో గుర్తు పెట్టించాకే బేరానికి కూర్చోండి.