పెంగ్విన్ల వయసు మీద ఒక ఆన్‌లైన్ కోర్సు: ఓపిక పట్టి నాలుగో పాఠం దాకా వెళ్లండి

ఈ కోర్సుని రెండో పాఠంలోనే ఆపేద్దామనుకున్నాను, ఆపేసి ఉంటే నష్టం నాకే. తిట్టడానికి కూడా కొన్ని విషయాలున్నాయి కాబట్టి పేరు రాయడం లేదు, విషయం మాత్రం చెబుతాను. వయసు పెరిగే కొద్దీ పెంగ్విన్లు పిల్లల్ని బాగా పెంచుతాయా, పెంచితే ఎందుకు, ఎప్పటిదాకా? ఈ ఒక్క ప్రశ్న మీద ఏడు వీడియో పాఠాలు. ఇంత చిన్న విషయం మీద ఏడు పాఠాలేంటని నాకూ అనిపించింది. చూశాక ఇంకో రెండు ఉన్నా బాగుండేదనిపించింది, మొదటి పాఠం తీసేసి.

మొదటి పాఠం దండగ. మంచులో గుంపుగా నిలబడ్డ ఎంపరర్ పెంగ్విన్లని అరగంట చూపించి, వెనక సంగీతం పెట్టి, చివర్లో నిజంగా కావాల్సిన ఒక్క విషయం చెప్పి వదిలేశారు: ఎన్ని గుడ్లు పెట్టిందన్నది కాదు లెక్క, అందులోంచి ఎన్ని పిల్లలు ఈకలు వచ్చి సముద్రంలోకి దిగాయన్నదే లెక్క. అది గుర్తుపెట్టుకుని రెండోదానికి వెళ్లిపోవచ్చు.

రెండో పాఠంలో నాకు నచ్చింది లాన్సెలాట్ రిచ్‌డేల్ గురించి చెప్పిన భాగం. న్యూజీలాండ్‌లో ఒటాగో ద్వీపకల్పం మీద 1936లో మొదలుపెట్టి దాదాపు 18 ఏళ్లపాటు పసుపు కళ్ల పెంగ్విన్ల వెంటే తిరిగి, ఏ పక్షి ఏ ఏడు పుట్టింది, ఎవరితో జతకట్టింది, ఎన్ని గుడ్లు పెట్టిందీ రాసుకున్న మనిషి. రెండేళ్లకే గుడ్డు పెట్టేసే ఆడ పెంగ్విన్లు తరచుగా ఒక్కటే పెడతాయి, అదీ చాలాసార్లు పొదగదు. అవే ఇంకాస్త పెద్దయ్యాక రెండేసి పెడతాయి, గుడ్డు సైజూ పెరుగుతుంది. ఇదంతా తెలియాలంటే పక్షి వయసు తెలియాలి కదా, చూస్తే తెలియదు. పెంగ్విన్‌కి తల పండదు. ఏడాది, ఏడాదిన్నర దాటి మొదటిసారి పెద్ద ఈకలు వచ్చేశాయంటే నాలుగేళ్లదీ పద్నాలుగేళ్లదీ ఒకేలా ఉంటాయి. పిల్లగా ఉన్నప్పుడే గుర్తు వేసి ఏళ్ల తరబడి కాపలా కాస్తే తప్ప వేరే దారి లేదు. ఇంత మంచి కథని నాలుగు నిమిషాల్లో తేల్చేసి, వెంటనే వయసుతోపాటు పెరిగిన పిల్లల సంఖ్య పైకి ఎగబాకే ఒక గ్రాఫ్ చూపించి, దీనికి కారణం అనుభవం అని తేల్చేశారు. అక్కడే విసుగొచ్చి ఆపేద్దామనుకున్నాను.

మూడో పాఠం వేరే ఎవరో చేసినట్టుంది, అంత తేడా. అంటార్కిటికాలో ఉండే అడేలీ పెంగ్విన్ల కాలనీలో రెండు గూళ్లని పక్కపక్కన పెట్టి రోజుకో ఫొటో చొప్పున చూపిస్తారు. ఒకటి కాలనీ మధ్యలో, రాళ్లు బాగా పేర్చిన ఎత్తయిన గూడు. రెండోది అంచున, పదీ పన్నెండు గులకరాళ్లు చుట్టూ పడేసినట్టుండే గూడు, మొదటిసారి జతకట్టిన జంటది. గుడ్లు పెట్టగానే ఆడది ఆకలితో సముద్రానికి పోతుంది, మగది రెండు వారాలపాటు పొదుగుతూ కూర్చోవాలి. దానికి అప్పటికే చాలా రోజులుగా తిండి లేదు, కాలనీకి వచ్చి చోటు పట్టుకుని జత కోసం అరుస్తున్నప్పటి నుంచీ ఉపవాసమే. అంచు గూట్లో మగది వీపు మీద మంచు పేరుకుపోయి కూర్చుని ఉంటుంది. తర్వాత ఫొటోలో లేచి నిలబడుతుంది, మళ్లీ కూర్చుంటుంది, మళ్లీ లేస్తుంది. ఆ పక్క ఫొటోలో గూడు ఖాళీ, రెండు గుడ్లూ బయట పడి ఉన్నాయి, కాస్త దూరంలో గుడ్లూ పిల్లల్నీ ఎత్తుకుపోయే స్కువా పక్షి నిలబడి ఉంది. ఆ మర్నాటి ఫొటోలో ఆడది వచ్చేసింది, పొట్ట నిండా తిని, తెల్లగా శుభ్రంగా, ఖాళీ రాళ్ల మధ్య తల వంచుకుని. ఒక్క రోజు తేడా. వీడియో ఆపి కాసేపు ఊరికే కూర్చున్నాను.

దీని మీద వాళ్లిచ్చిన వివరణ కూడా గట్టిగా ఉంది. చిన్న వయసు జంట ఒక్క తప్పుతో ఓడిపోదు, తప్పులన్నీ గొలుసులా పట్టుకుని వస్తాయి. కుర్ర పక్షులు కాలనీకి ఆలస్యంగా వస్తాయి, అప్పటికి మధ్యలో మంచి చోట్లు అయిపోతాయి, అంచున మిగిలింది స్కువాలకి చేతికందే చోటు. మగది ఒంట్లో కొవ్వు తక్కువ వేసుకుని వస్తుంది కాబట్టి ఎక్కువ రోజులు ఆగలేదు. ఆడదానికి వేటలో ఇంకా చెయ్యి తిరగలేదు కాబట్టి పొట్ట నింపుకోవడానికే ఎక్కువ రోజులు పడుతుంది. రాళ్లు తక్కువైతే మంచు కరిగిన నీళ్లు గుడ్ల కిందికి చేరతాయి. అందులో ఏ ఒక్కటి సరిగ్గా ఉన్నా ఆ గూడు నిలబడేదేమో.

ఇక నాలుగో పాఠం. నేను ఈ రివ్యూ రాస్తున్నదే దీనికోసం. పెంగ్విన్ కాలు పట్టీ వేయడానికి కుదిరేలా ఉండదు, అందుకని దశాబ్దాలపాటు రెక్క మొదట్లో లోహపు పట్టీ వేసేవాళ్లు. ఈదే పక్షికి రెక్కే తెడ్డు, ఆ తెడ్డుకి ఇనుప కడియం తొడిగినట్టన్నమాట. హిందూ మహాసముద్రం దక్షిణాన క్రోజే దీవుల్లో కింగ్ పెంగ్విన్ల మీద ఫ్రెంచి శాస్త్రవేత్తలు పదేళ్లు పరిశీలన చేశారు. వంద పక్షులకి చర్మం కింద గుర్తింపు చిప్ పెట్టి, వాటిలో యాభైకి మాత్రం పట్టీ కూడా వేశారు. 2011లో నేచర్ పత్రికలో ఫలితం వచ్చింది: పట్టీ ఉన్నవి 39 శాతం తక్కువ పిల్లల్ని పెంచాయి, బతికి ఉండడంలో 16 శాతం పాయింట్లు వెనకబడ్డాయి. కాలనీకి చేరడం కూడా ఆలస్యమే. అంటే వయసు తెలుసుకోవడానికి వేసిన గుర్తే ఆ పక్షి బతుకుని మార్చేస్తోంది, మనమేమో ఆ పక్షిని చూసి పెంగ్విన్లు ఇలా ఉంటాయని రాసుకుంటున్నాం. ఇంకో మెలిక, మొదటి నాలుగైదేళ్లు దాటాక పట్టీ ఉన్నవాటికీ లేనివాటికీ మరణాల్లో తేడా కనబడలేదట. పట్టీ మంచిదైపోయిందని కాదు, తట్టుకోలేనివి అప్పటికే పోయాయి, మిగిలినవి గట్టి పిండాలు.

ఇక్కడి నుంచి అసలు పాయింట్‌కి వస్తారు. గ్రాఫ్‌లో వయసుతోపాటు ఫలితం పెరిగిందంటే ప్రతి పక్షీ మెరుగైందని కాదు. ఊహకి ఒక లెక్క వేసుకోండి, నేను కాగితం మీద వేసుకున్నదే. వంద పెంగ్విన్లలో యాభై గట్టివి, పదిసార్లు గుడ్లు పెడితే ఎనిమిదిసార్లు పిల్లని పెంచుతాయి, ఏ వయసులోనైనా అంతే. యాభై బలహీనమైనవి, పదికి నాలుగే. నాలుగేళ్ల వయసులో సగటు పదికి ఆరు. పన్నెండేళ్లు వచ్చేసరికి గట్టివి నలభై, బలహీనమైనవి పదే మిగిలాయనుకోండి, సగటు పదికి 7.2 అవుతుంది. ఒక్క పక్షి కూడా కొత్తగా ఏమీ నేర్చుకోలేదు, అయినా గీత పైకి లేచింది! అందుకే ఒకే పక్షిని దాని జీవితమంతా దానితోనే పోల్చాలి, గుంపు సగటుని కాదు. అలాగని నేర్చుకోవడం అబద్ధం అనుకోకండి, రెండూ ఉన్నాయి, ఏది ఎంత అన్నదే గొడవ.

మూడో కారణం కూడా ఒకటి చెప్పారు, నాకు కొత్త. ముందు బోలెడు ఏళ్లున్న కుర్ర పక్షి ఒక్క గుడ్డు కోసం ప్రాణం మీదికి తెచ్చుకోదు, కష్టమనిపిస్తే వదిలేసి వచ్చే ఏడు చూసుకుంటుంది. ముసలిదానికి వచ్చే ఏడు ఉంటుందన్న నమ్మకం లేదు కాబట్టి ఉన్నదంతా పెట్టేస్తుంది. కానీ అదే ముసలితనంలో ఒళ్లు సహకరించక ఫలితం పడిపోవాలి కూడా. రెండూ ఒకదాన్నొకటి లాగుతుంటే గీత చివర్లో ఎటు వంగుతుంది? చాలా ముసలి పక్షులు దొరికేదే తక్కువ, పది గూళ్లు చూసి ఏం తేలుస్తాం. ఈ మాట కోర్సువాళ్లు నిజాయితీగా ఒప్పుకున్నారు.

మిగతా పాఠాలు పర్వాలేదు. జంటల గురించి చెప్పిన ఐదోది తొందరగా అయిపోతుంది. పాత జంట కలిసుంటే మంచి ఫలితం వస్తుందా, మంచి ఫలితం వచ్చిన జంటే కలిసుంటుందా అని అడిగి జవాబు చెప్పకుండా వెళ్లిపోయారు. ఆరోది చెడ్డ సంవత్సరాల మీద. 2000 మార్చిలో అంటార్కిటికాలోని రాస్ ఐస్ షెల్ఫ్ (సముద్రం మీదికి చాచుకున్న మంచు పలక) నుంచి విరిగిన బి-15 మంచుకొండ ముక్కలు దారికి అడ్డంపడి, సముద్రపు మంచు కరగక, అక్కడి కేప్ రాయిడ్స్ కాలనీ అడేలీలు నీళ్ల దాకా మైళ్లకి మైళ్లు నడవాల్సి వచ్చింది, పిల్లల సంఖ్య దెబ్బతింది. ఒక తరం సరిగ్గా నాలుగేళ్ల వయసులో అలాంటి ఏడాదికి దొరికిపోతే, నాలుగేళ్లవి చేతకానివని మనం రాసేసుకుంటాం. ఇది చాలా ముఖ్యమైన సంగతి, ఇంకా నెమ్మదిగా చెప్పాల్సింది. కింగ్ పెంగ్విన్ల గురించి కూడా ఇక్కడే ఒక ముక్క అంటారు: ఒక పిల్లని పెంచడానికి ఏడాది దాటిపోతుంది కాబట్టి మూడేళ్లలో రెండుకి మించి పెంచలేవు, ఒక ఏడు గెలిచిన పక్షి మరుసటి ఏడు ఆలస్యంగా మొదలుపెట్టి ఓడిపోతే అది వయసు తప్పు కాదు. ఏడో పాఠం మొత్తం గణాంకాల నమూనాలే, ఫోన్‌లో అక్షరాలు కనబడవు, ల్యాప్‌టాప్‌లో కనబడతాయి కానీ అర్థం కావు, రెండుసార్లు ప్రయత్నించి వదిలేశాను.

ఐదుకి మూడున్నర ఇస్తున్నాను, అందులో రెండున్నర ఆ మూడు, నాలుగు పాఠాలవే. పక్షుల మీద ఆసక్తి ఉండి, గ్రాఫ్ చూడగానే నమ్మేసే అలవాటు ఉన్నవాళ్లు తప్పకుండా చూడండి. చిన్నపిల్లలతో కలిసి చూస్తే మూడో పాఠం దగ్గర జాగ్రత్త.

ఇక తిట్టాల్సింది. రెండో పాఠం చివర క్విజ్‌లో "వయసు పెరిగితే ఫలితం పెరగడానికి కారణం ఏమిటి" అని అడిగి, అనుభవం, అదృష్టం, ఇంత సమాచారంతో చెప్పలేం అని మూడు జవాబులిచ్చారు. నాలుగో పాఠం చూశాక వెనక్కి వెళ్లి "చెప్పలేం" అని నొక్కితే తప్పు అని ఎర్రగా చూపించింది. వాళ్ల పాఠమే వాళ్ల క్విజ్‌ని తప్పంటోంది మరి! మెయిల్ పెట్టాను, మీ సూచన సంబంధిత టీమ్‌కి పంపించాం అని ఒక లైన్ జవాబొచ్చింది. మూడు వారాలైంది, ఇప్పటికీ ఎర్రగానే ఉంది.