డిశ్చార్జి బుక్కు చదివి చెప్పే చోటు: నల్లగొండలో మాజీ సైనికుల కాగితాల సెంటర్

నల్లగొండ క్లాక్ టవర్ సెంటర్‌కు దగ్గరలో, మెట్లెక్కి వెళ్లే ఒక చిన్న గదిలో, సైన్యంలో క్లర్కుగా చేసి హవల్దార్ హోదాలో రిటైరైన ఒక పెద్దమనిషి మాజీ సైనికుల కాగితాల పని చేసిపెడతారు. స్పర్శ్ (సైనిక పింఛన్ల ఆన్‌లైన్ పోర్టల్) పింఛను చిక్కులు, లైఫ్ సర్టిఫికెట్లు, జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి పెట్టే దరఖాస్తులు ఆయన రోజువారీ పని. నేను వెళ్లింది పింఛను కోసం కాదు, 1971 యుద్ధంలో మా నాయిన ఎక్కడ పనిచేశాడో తెలుసుకోవడానికి. ఆయన పోయి ఆరేళ్లయింది. బతికున్నప్పుడు పక్కన కూర్చుని అడగలేదన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది.

మా ఊళ్లో ఆ యుద్ధాన్ని అందరూ బంగ్లాదేశ్ యుద్ధమనే అంటారు కాబట్టి, నాయిన ఢాకా దిక్కు పోయాడనే ఇంటిల్లిపాదీ నమ్ముతూ వచ్చాం. తాను మద్రాసు పటాలంలో ఉన్నానని ఆయన ఎప్పుడో అన్న మాట పట్టుకుని, మొదట ఇంకొక చోట దరఖాస్తు టైపు చేయిస్తే, అది నీలగిరి కొండల్లోని వెల్లింగ్టన్‌కు, అంటే మద్రాస్ రెజిమెంట్ రికార్డ్స్‌కు వెళ్లింది. నాయిన సర్వీస్ నంబరు తమ దళానిది కాదన్న జవాబు నాలుగు నెలలకు వచ్చింది. టైపు చేసినవారు నేను తీసుకెళ్లిన డిశ్చార్జి బుక్కును, అంటే సైన్యం నుంచి విడుదలైనప్పుడు ఇచ్చే సర్వీసు వివరాల పుస్తకాన్ని, తెరిచి కూడా చూడలేదు.

ఈ సెంటర్‌లో పని అక్కడి నుంచే మొదలైంది. ట్రంకు పెట్టెలో పాలిథిన్ కవరు చుట్టి దాచిన ఆ బుక్కు కుట్టు ఊడి, పేజీల మడతలు తెగిపోయే స్థితిలో ఉంది. ఆయన టేబుల్ మీద తెల్ల కాగితం పరిచి, దాని మీద బుక్కు పెట్టి, ఒక్కో పేజీ కింద స్కేలు దూర్చి మెల్లగా తిప్పారు. సర్వీస్ నంబరు చూడగానే ఇది రెజిమెంట్ కాదని, బెంగళూరులోని మద్రాస్ ఇంజనీర్ గ్రూప్ అని, వాళ్లను సైన్యంలో తంబీలంటారని చెప్పారు. పేరులో మద్రాసు రెండింటికీ ఉండబట్టే నా మొదటి దరఖాస్తు దారి తప్పింది. ఒక పేజీలో తేదీ పక్కన ఎస్.ఓ.ఎస్. అని ఉంది. నాయిన ఆ రోజు ఏదో ప్రమాదంలో చిక్కుకున్నాడని మా తమ్ముడు ఇన్నేళ్లూ అనుకుంటున్నాడు. అది స్ట్రక్ ఆఫ్ స్ట్రెంగ్త్ అని, వేరే యూనిట్‌కు బదిలీ అయినప్పుడు పాత యూనిట్ లెక్కలోంచి పేరు తీసేయడమేనని ఆయన చెప్తే, మా తమ్ముడికి అక్కడి నుంచే ఫోన్ చేశాను.

పతకాలు చూపించినప్పుడు, మెరుస్తాయని ముందురోజు నేను తుడవబోయి ఆగిన సంగతి చెప్పాను. “బ్రాసో పెట్టి రుద్దకండి సార్, అక్షరాలు అరిగిపోతయ్” అన్నారు. నక్షత్రం ఆకారంలో ఉన్న పతకాన్ని వెనక్కి తిప్పి ఫోన్ లైటు ఏటవాలుగా వేస్తే నాయిన నంబరు, పేరు కనిపించాయి. తూర్పున పనిచేసినవారికి ఇచ్చేది పూర్వీ స్టార్, మా నాయినది పశ్చిమీ స్టార్. అంటే ఆయన ఢాకా దిక్కు కాదు, పాకిస్తాన్ పడమటి సరిహద్దు దిక్కున ఉన్నాడు. ఇంట్లో పాత ఉత్తరాలేమైనా ఉన్నాయా అని అడిగితే, అమ్మ దాచిన ఇన్లాండ్ లెటర్ మరుసటి వారం తీసుకెళ్లాను. 1972 జనవరిలో రాసింది. బర్రె ఈనిందా, బావిలో నీళ్లున్నాయా అన్న మాటలే తప్ప యుద్ధం ఊసు లేదు. పంపినవారి చిరునామా కింద మాత్రం కేరాఫ్ 56 ఏపీఓ (ఆర్మీ పోస్టాఫీసు) అని ఉంది. తూర్పు దిక్కు యూనిట్ల ఉత్తరాలు 99 ఏపీఓ ద్వారా నడుస్తాయి కాబట్టి, పతకం చెప్పిన మాటనే ఈ అంకె కూడా చెప్పిందన్నమాట.

బెంగళూరు రికార్డ్స్‌కు దరఖాస్తు ఆయనే ఇంగ్లిషులో రాశారు. డిశ్చార్జి బుక్కు, పీపీఓ (పింఛను మంజూరు ఉత్తర్వు) నకళ్లు, మరణ ధ్రువీకరణ, అమ్మ ఆధార్, ఆమె సంతకం జతచేసి స్పీడ్ పోస్టులో పంపించాం. మూడు నెలలకు లాంగ్ రోల్, అంటే రికార్డ్స్‌లో ఉండే సైనికుడి సర్వీసు వివరాల పట్టిక, నకలు వచ్చింది. చేరిన తేదీ, యూనిట్లు, పతకాలు అన్నీ వరుసగా ఉన్నాయి.

లోపాలు కూడా చెప్పాలి. పని నిదానం, మూడుసార్లు తిరగాల్సి వచ్చింది. తీసుకున్న 400 రూపాయలకు రసీదు ఇవ్వలేదు. స్కాన్ ప్రతులు మసకగా వచ్చాయి, వాటిని నేను బయట మళ్లీ చేయించుకున్నాను. ఇంకొకటి, లాంగ్ రోల్‌లో మనిషి వివరాలుంటాయి తప్ప యూనిట్ ఏ రోజు ఏ వాగు దాటిందో ఉండదు. అది యూనిట్లు యుద్ధంలో రోజువారీగా రాసే వార్ డైరీల్లో వెతకాలి, ఆ పని ఈ సెంటర్‌లో జరగదు. అదే యుద్ధంలో పడమటి దిక్కున శకర్‌గఢ్ దగ్గర జరిగిన బసంతర్ పోరులో ట్యాంకులకు దారి ఇవ్వడానికి ఇంజనీర్ దళాలు మందుపాతరలు తొలగించాయని చదివి, ఇంట్లో పెట్టుకోవడానికి ఆయన తయారుచేసిన ఒక పేజీ సారాంశంలో ఆ పేరు కూడా చేర్చమని అడిగాను. “కాగితంల లేనిది నేను రాయను సార్” అన్నారు. అప్పుడు నొచ్చుకున్నాను కానీ, ఈ సెంటర్ మీద నాకు నమ్మకం కుదిరింది ఆ మాటతోనే.

వెళ్లేవారు అసలు బుక్కు, పతకాలు, దొరికిన ఉత్తరాలన్నీ తీసుకెళ్లండి, నకళ్లు మాత్రమే తీసుకెళితే సగం సంగతులు దొరకవు. నవంబరులో లైఫ్ సర్టిఫికెట్ల కోసం పెద్దవాళ్లు మెట్ల దాకా వరుసలో ఉంటారు కాబట్టి, ఇలాంటి పనికి ఆ నెల వదిలేసి, ఉదయం పదిన్నర లోపు వెళ్తే ఆయన తీరిగ్గా కూర్చోబెట్టి చదివి చెప్తారు.