యూరప్ రైళ్లు: పాస్ ఎక్కడ కలిసొస్తుంది, టికెట్ ఎక్కడ నయం

యూరప్ వెళ్తున్నామని చెప్పగానే తెలిసినవాళ్లందరూ ఇచ్చే సలహా ఒకటే: "యూరైల్ పాస్ తీసేసుకోండి, టెన్షన్ ఉండదు." ఒక్కసారి కొంటే చాలా దేశాల రైళ్లలో తిరగనిచ్చే పాస్ అది. మంచిదే, కానీ అందరికీ కాదు. పారిస్, లూసర్న్, ఫ్లోరెన్స్, రోమ్, వెనిస్, వియన్నా, మ్యూనిక్ వరసలో అమ్మానాన్నలతో, బడికెళ్లే పాపతో తిరిగిన మాకు యూరైల్ వాళ్ల గ్లోబల్ పాస్ అక్కర్లేదని లెక్క వేస్తే తేలింది. ఏ దేశానికి ఏది నప్పుతుందో విడిగా చూసుకుని కొన్నాం.

గ్లోబల్ పాస్ 33 దేశాల్లో చెల్లుతుంది. ఆ అంకె చూసి చాలామంది మొగ్గుతారు. అయితే పాస్ ఉంటే ప్రయాణించే హక్కు మాత్రమే వస్తుంది, సీటు రాదు. ఫ్రాన్స్‌లో టీజీవీ, ఇటలీలో ఫ్రెచ్చరోస్సా, లండన్ వైపు వెళ్లే యూరోస్టార్, ఈ ఫాస్ట్ రైళ్లు ఎక్కాలంటే పాస్ చేతిలో ఉన్నా సీటుకి మళ్లీ డబ్బు కట్టాలి. పైగా టీజీవీ, యూరోస్టార్‌లలో పాస్ ఉన్నవాళ్లకిచ్చే సీట్లు కొన్నే. అవి అయిపోతే రైల్లో ఖాళీ ఉన్నా మామూలు టికెట్ కొనాల్సిందే. ఇటలీలో పోటీగా నడిచే ఇతాలో రైళ్లలో పాస్ అసలు చెల్లదు. జర్మనీ, ఆస్ట్రియా, నెదర్లాండ్స్‌లో మాత్రం చాలా రైళ్లకు రిజర్వేషన్ తప్పనిసరి కాదు. వచ్చిన రైలు ఎక్కేయొచ్చు. అందుకే ఏ రోజు ఎక్కడుంటామో ముందే తేల్చుకోకుండా అటువైపు తిరిగే కుర్రాళ్లకు పాస్ నిజంగా బంగారం. 27 ఏళ్ల వరకు వయసున్నవారికి ధర కూడా తక్కువ.

ముందుగా అన్ని ఊళ్లలో హోటళ్లు ఖాయం చేసుకునే మనలాంటి కుటుంబాలకు టికెట్లే మేలు. మన దగ్గర స్లీపర్ టికెట్ రెండు నెలల ముందు కొన్నా, వారం ముందు కొన్నా ఛార్జీ అదే. అక్కడి ఫాస్ట్ రైళ్ల ధరలు విమానం టికెట్లలా రోజురోజుకీ పెరుగుతాయి. మిలాన్ నుంచి ఫ్లోరెన్స్‌కి, ఫ్లోరెన్స్ నుంచి రోమ్‌కి ముందుగా కొంటే చవగ్గానే వచ్చాయి. రెండూ రెండు గంటల లోపు ప్రయాణాలే. ఆ చవక టికెట్‌ని మార్చుకోవడం, రద్దు చేసుకోవడం కుదరదు. వీసా స్టాంపు పడ్డాకే ఆ టికెట్లు కొన్నాం. మేం తిరిగిన దేశాలన్నిటికీ ఒక్కటే సరిపోయే షెంగెన్ వీసాకి ఆరు నెలల ముందు నుంచే దరఖాస్తు పెట్టుకోవచ్చు కాబట్టి, తొందరపడాల్సింది టికెట్ దగ్గర కాదు, వీసా దగ్గర.

ఇటలీలో లోకల్ రైలుకి కాగితం టికెట్ కొంటే, ఎక్కే ముందు ప్లాట్‌ఫాం మీదున్న మిషన్‌లో పెట్టి ముద్ర వేయించుకోవాలి. లేకపోతే జరిమానా. సమ్మెలు కూడా అక్కడ మామూలే. పనిదినాల్లో సమ్మె ఉన్నా ఉదయం 6 నుంచి 9, సాయంత్రం 6 నుంచి 9 మధ్య లోకల్ రైళ్లు నడపాలన్న నిబంధన ఉంది. ఆ వేళలు గుర్తుపెట్టుకుంటే చాలు.

స్విట్జర్లాండ్ దగ్గర లెక్క పూర్తిగా మారిపోతుంది. పారిస్ నుంచి సరిహద్దులోని స్విస్ ఊరు బాసెల్ వరకే టీజీవీ టికెట్ తీసుకుని, బాసెల్ నుంచి స్విస్ ట్రావెల్ పాస్ మీద లూసర్న్ వెళ్లాం. 2025లో మూడు రోజుల సెకండ్ క్లాస్ పాస్ 244 స్విస్ ఫ్రాంకులు. చూడగానే గుండె గుభేల్‌మంటుంది. కానీ అందులో రైళ్లు, బస్సులు, పడవలు, 500కి పైగా మ్యూజియంలు కలిసి వస్తాయి. అమ్మానాన్నల వెంట ఉన్న 16 ఏళ్లలోపు పిల్లలకి ఫ్యామిలీ కార్డు ఉచితం. నాన్నకి బీపీ. 3,454 మీటర్ల ఎత్తున మంచుకొండల్లో ఉన్న యుంగ్‌ఫ్రౌయోహ్ స్టేషన్ మాకెందుకని 1,798 మీటర్ల రిగి కొండకి వెళ్లాం. అదీ పాస్‌లోనే. లూసర్న్ స్టేషన్ బయటికి రాగానే సరస్సు, పడవల రేవు. విట్జ్‌నౌలో పడవ దిగితే ఎదురుగానే రిగి రైలు. రెండు పట్టాల మధ్య మూడోది, పళ్లున్న కడ్డీ. రైలు కింది చక్రం దాన్ని పట్టుకుని నిటారుగా పైకి లాగుతుంటే, కిటికీలోంచి చూస్తే ఇళ్లన్నీ ఒరిగిపోయినట్టు కనిపిస్తాయి. 1871 నుంచీ నడుస్తోంది ఈ దారి. నాన్న కడ్డీ చూడడానికి వంగినవారు స్టేషన్ వచ్చేదాకా లేవలేదు.

యుంగ్‌ఫ్రౌయోహ్ వెళ్లాలనుకునేవాళ్లకి మాత్రం హాఫ్ ఫేర్ కార్డు నయం. 2025లో 150 ఫ్రాంకులు, నెలంతా చెల్లుతుంది. ఆ కొండ మీదికి ట్రావెల్ పాస్‌తో పావు వంతే తగ్గితే, దీనితో సగం తగ్గుతుంది.

బసల్లో నాకు బాగా నచ్చింది వెనిస్ పక్కనే ఉన్న మెస్త్రే. వెనిస్ లోపల ఉండాలని అందరికీ ఉంటుంది. కానీ అక్కడ దాదాపు ప్రతి వంతెనకీ మెట్లే. సూట్‌కేసులు మోస్తూ అమ్మ మోకాళ్లతో అది జరిగే పని కాదు. మెస్త్రే స్టేషన్ ఎదురుగా బస చేస్తే పది నిమిషాల్లో రైలు వెనిస్ లోపలి సాంటా లూచియా స్టేషన్‌కి తీసుకెళ్తుంది. స్టేషన్ మెట్ల మీంచే గ్రాండ్ కెనాల్ కనిపిస్తుంది. పగటిపూట వచ్చిపోయేవాళ్లకు 2024 నుంచి కొన్ని రోజుల్లో వెనిస్ ప్రవేశ రుసుము పెట్టారు. మెస్త్రేలో రాత్రి ఉంటే అది కట్టక్కర్లేదు, ఆన్‌లైన్‌లో నమోదు చేసుకుంటే సరి. రోమ్‌లో మేం దిగిన బస గురించి మంచిమాట చెప్పలేను. లిఫ్ట్ ఉందని రాశారు, ఉన్నది ఒక్క మనిషి పట్టేంత, అదీ రెండో అంతస్తు నుంచి. పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లు లిఫ్ట్ ఫొటో అడిగి చూడండి.

వెనిస్ నుంచి వియన్నాకి రాత్రి రైలు నైట్‌జెట్ ఉంది. హోటల్ ఖర్చు మిగులుతుంది, కానీ పై బెర్తులు ఎక్కలేని పెద్దవాళ్లున్నారని పగటి రైల్‌జెట్ తీసుకున్నాం. మాకు ఏడు గంటలు దాటిన ప్రయాణం. అయినా ఎవరూ విసుక్కోలేదు. చివర్లో 1854లో పూర్తయిన సెమ్మరింగ్ కొండదారి వస్తుంది. రాతి వంతెనల మీద రైలు మెలికలు తిరుగుతుంటే పాప ఫోన్ పక్కన పడేసింది.

వియన్నా నుంచి మ్యూనిక్‌కి చవక టికెట్‌తో పాటు సీటు కూడా విడిగా బుక్ చేసుకోమని గట్టిగా చెబుతాను. సీటు పైన చిన్న తెర మీద అది ఏ స్టేషన్ నుంచి ఏ స్టేషన్‌కి బుక్ అయిందో చూపిస్తుంది. రిజర్వేషన్ లేనివాళ్లు ఖాళీ సీట్లో కూర్చున్నా, బుక్ చేసుకున్నవాళ్లొస్తే లేవాలి. సాల్జ్‌బర్గ్‌లో మా ముందు సీటు పెద్దాయన అలాగే సంచి తీసుకుని నిలబడ్డారు. సీటుకయ్యేది కొన్ని యూరోలే. ఇక రైలు గంట ఆలస్యమైతే టికెట్ ధరలో 25 శాతం, రెండు గంటలైతే 50 శాతం వెనక్కి అడగొచ్చు, యూరోపియన్ యూనియన్ నిబంధన అది. విమానం తప్పిపోతే మాత్రం రైలువాళ్లిచ్చే ఆ సొమ్ము ఏ మూలకీ రాదు. అందుకే మ్యూనిక్‌కి ముందురోజే చేరి, మర్నాడు నిదానంగా ఎయిర్‌పోర్టుకి వెళ్లాం.